ఇల్లూ వాకిలీ: పక్క స్థలంలో తుప్పలు, పూత రాకముందే అర్జీ

ఈ నెల వచ్చిన ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒకే బాధ. పక్కనో, వెనకనో ఒక ఖాళీ స్థలం, దాని నిండా తుప్పలు. తొలకరి పడిన ప్రతి ఏడూ ఈ ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఉత్తరాంధ్ర పురపాలక సంఘాల్లో 31 ఏళ్లు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా తిరిగిన వాణ్ణి కాబట్టి ఈ బాధ నాకు కాగితం మీద కంటే కాళ్లకే బాగా తెలుసు. గోడ పగుళ్లు, సెప్టిక్ ట్యాంకు వాసన గురించి రాసినవారు ఒక్క నెల ఓపిక పట్టాలి. ఈసారి పేజీలన్నీ తుప్పలకే.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది శ్రీకాకుళం. మా ఇంటికి దక్షిణం వైపు ఆరు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. కొన్నాయన బెంగళూరులో ఉంటారు. పదకొండేళ్లలో రెండుసార్లు వచ్చి చూసుకుని వెళ్లారు. వయ్యారిభామ, ఆముదం చెట్లు, తూటికాడలు మా ప్రహరీ ఎత్తుకి పెరిగిపోయాయి. అటూ ఇటూ వెళ్లేవాళ్లు చెత్త సంచులు అందులోకే విసురుతారు. పోయిన దసరాకి మా బాత్‌రూములోకి కట్లపాము వచ్చింది. అత్తగారికి ఆయాసం, చలికాలం వస్తే మరీ ఎక్కువ. దోమలకి వీధిలో పొగ కొట్టించినా మూడో రోజుకి మళ్లీ అంతే. ఆయనకి ఫోన్ చేస్తే 'మీకు ఇబ్బందిగా ఉంటే మీరే తీయించుకోండమ్మా, నాకేం అభ్యంతరం లేదు' అన్నారు. మేమెందుకు తీయించాలి? చట్టంలో దీనికి ఏదైనా దారి ఉందా, లేక మేమే భరించాలా?
– ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, దారి ఉంది. ఈరోజు పుట్టిందేమీ కాదు, పాతదే. శ్రీకాకుళం, విజయనగరం రెండూ 2015లో నగరపాలక సంస్థలయ్యాయి. వాటికి 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం నడుస్తుంది. బొబ్బిలి, ఆమదాలవలస, ఇచ్ఛాపురం లాంటి పురపాలక సంఘాలకి 1965 నాటి మున్సిపాలిటీల చట్టం. రెండింటి సారం ఒక్కటే. ఒక స్థలం తుప్పలు పట్టి, చెత్త చేరి, చుట్టుపక్కల వాళ్ల ఆరోగ్యానికి హాని చేసేలా ఉంటే, దాన్ని శుభ్రం చేయమని యజమానికి కమిషనర్ నోటీసు ఇవ్వొచ్చు. గడువు లోపల చేయకపోతే సిబ్బందితో చేయించి, ఆ ఖర్చుని పన్ను బకాయి లాగే ఆయన దగ్గర వసూలు చేయొచ్చు. బెంగళూరులో ఉన్నా, ఇంకెక్కడున్నా స్థలం ఇక్కడే ఉంది కదా. బకాయి స్థలం మీదే పడుతుంది. రేపు అమ్ముకోవాలన్నా, ఇల్లు కట్టుకోవాలన్నా ఆ బకాయి తీర్చందే పని ముందుకి సాగదు.

'ఖాళీ స్థలం పన్ను కడుతున్నాను కదా, ఇంకేం చేయాలి' అనే యజమానుల్ని చాలామందిని చూశాను. పన్ను కట్టడం వేరు, స్థలాన్ని బాగా ఉంచుకోవడం వేరు. ఒకటి చేస్తే రెండోది తీరిపోదు.

ఇక మీరు చేయాల్సిన పని. ముందు ఆయన ఫోన్‌లో అన్న మాటని వాట్సాప్‌లో రాయించుకోండి. 'మా స్థలంలో తుప్పలు తీయించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు' అని ఒక్క వాక్యం చాలు. ఆ మాట లేకుండా మీరు మనుషుల్ని దింపితే, 'నా అనుమతి లేకుండా నా స్థలంలో అడుగు పెట్టారు, హద్దు రాళ్లు కదిపారు' అని రేపు గొడవ పెట్టుకోగలరు. ఇలాంటి తగాదాలు నేను రెండుమూడు చూశాను. మంచికి పోయినవాళ్లే పోలీసుస్టేషన్ మెట్లెక్కారు. ఖర్చు ఆయనే పెట్టుకోవాలని కూడా అదే సందేశంలో మర్యాదగా అడగండి. ఆరు సెంట్లకి ఇద్దరు మనుషులు ఒక పూట గట్టిగా పనిచేస్తే సరిపోతుంది. అంత స్థలం కొన్న మనిషికి ఇది మోయలేని బరువు కాదు.

ఆయన కదలకపోతే అర్జీ. వార్డు సచివాలయాలు 2019లో వచ్చినప్పటి నుంచి అక్కడ పారిశుద్ధ్యం చూసే కార్యదర్శి ఒకరు ఉంటారు. ముందు వాళ్లకి, దాని నకలు కమిషనర్ గారికి. ఇద్దరి దగ్గరా తేదీతో రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేయకండి. ఆఫీసులో కాగితం లేని పని ఎవరికీ గుర్తుండదు. ముప్పై ఏళ్లు ఆ ఆఫీసుల్లో కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. స్థలం ఎవరిదో తెలియనివాళ్లకి ఇంకో మాట. సర్వే నంబరు గానీ ప్లాటు నంబరు గానీ పట్టుకుని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లి ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయిస్తే పేరు బయటపడుతుంది. మున్సిపాలిటీలో ఖాళీ స్థలం పన్ను వేసి ఉంటే అసెస్‌మెంటు పుస్తకంలోనూ ఉంటుంది.

అర్జీలో ఏం రాస్తున్నారన్నది చాలా ముఖ్యం. 'చూడ్డానికి అసహ్యంగా ఉంది' అని రాస్తే అది చదివి పక్కన పెడతారు. చట్టానికి కావాల్సింది హాని, అపాయం. అందుకని ఇలా రాయండి: స్థలం కొలత ఇంత, మా ప్రహరీకి ఇంత దూరంలో తుప్పలు ఇంత ఎత్తు పెరిగాయి, ఫలానా తేదీన పాము ఇంట్లోకి వచ్చింది, మా అత్తగారికి ఆయాసం ఉంది, చెత్త సంచుల్లో నీళ్లు నిలుస్తున్నాయి. అత్తగారి మందుల చీటీ నకలు జత చేయండి. ఫోన్‌తో ఫొటోలు తీసేటప్పుడు మీ ప్రహరీ కూడా పడేలా తీయండి. ఎత్తు అందులో తెలియాలి. మీ వరసలో మరో నాలుగిళ్ల వాళ్ల సంతకాలు ఉంటే మరీ మంచిది. అప్పుడది ఒక ఇంటి తగువుగా మిగలదు.

పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లండి. వెళ్లలేకపోతే 1100 నంబరుకి ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. అక్కడ కూడా పాత రసీదు నంబరు చెప్పండి, అర్జీకి బలం వస్తుంది. తుప్పలు రోడ్డు మీదికో, కాలువ మీదికో వచ్చి దారికి అడ్డం పడితే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. పూర్వం సీఆర్‌పీసీ (నేర విచారణ చట్టం) 133వ సెక్షన్ అనేవాళ్లం, 2024 జులై 1 నుంచి అది దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152 అయ్యింది. బహిరంగ స్థలంలో జనానికి ఇబ్బంది కలిగించేదాన్ని తీసేయమని ఆర్డీఓ గారు ఉత్తర్వు ఇవ్వొచ్చు. రోడ్డు పక్కన గట్టు లేని నుయ్యి ఉంటే కంచె వేయించమని, పడిపోయేలా ఉన్న చెట్టుని కొట్టించమని కూడా ఆ సెక్షన్ కిందే అడగొచ్చు. 1980లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం పురపాలక సంఘం కేసు ఈ సెక్షన్ నుంచే సుప్రీంకోర్టు దాకా పోయింది. పారిశుద్ధ్యం చేయడానికి డబ్బు లేదని పురపాలక సంఘం తప్పించుకోవడం కుదరదని జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం చెప్పింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా పెద్ద ఇన్‌స్పెక్టర్ గారు ఆ తీర్పు కథ నాకు టీ కొట్టు దగ్గర చెప్పారు. అప్పటినుంచి 'ఫండ్సు లేవండీ' అన్న మాట నా నోట రాకుండా చూసుకున్నాను.

అమ్మా, ఈ ఉత్తరంలో మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. నా మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్నది అదే. అర్జీ ఎప్పుడు పెట్టాలి? చాలామంది పాము కనిపించాకనో, జ్వరం వచ్చాకనో పెడతారు. అంటే దసరా, దీపావళి రోజుల్లో. అప్పటికి వయ్యారిభామ పూసి, కాసి, గింజ రాల్చేసి ఉంటుంది. అప్పుడు నోటీసు వెళ్లి, గడువు తీరి, నవంబరులో మనుషులొచ్చి కొట్టేసినా, వాళ్లు తీసుకెళ్లేది ఎండు కాడల్ని. గింజ నేలలోనే ఉంటుంది. ఒక్క మొక్క అయిదు వేల నుంచి పాతిక వేల దాకా గింజలు వేస్తుంది. మొలిచిన నాలుగు వారాలకే పూత పట్టగలదు. ఆ గింజకి ప్రత్యేకంగా ఒక రుతువంటూ లేదు, తడి తగిలితే మొలుస్తుంది. అంటే నవంబరులో చేసిన శుభ్రం మళ్లీ వానకి మాయమైపోతుంది. యజమాని 'మొన్ననే చేయించాను కదా' అంటాడు, మీరు మళ్లీ మొదటికొస్తారు. ఇలా ఏడాది తర్వాత ఏడాది ఒకే స్థలానికి నోటీసులు రాసి రాసి నాకు ఈ సంగతి తెలిసింది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో మొలక చూసిన రోజే ఉత్తరం మొదలుపెట్టాలి. జులైకల్లా అర్జీ ఆఫీసులో ఉండాలి. పూత రాకముందు, నేల తడిగా ఉండగా వేరుతో పీకితే ఆ ఏడాది అక్కడ గింజ రాలదు. అలా రెండేళ్లు వరసగా చేస్తే స్థలం తేరుకుంటుంది. మా ఊళ్లో దసరా వెళ్లాక వచ్చే సిరిమాను జాతర నాటికి వీధులన్నీ శుభ్రం చేయాలని ప్రతి ఏడూ హడావుడి పడతాం. తుప్పల విషయంలో సిరిమాను వేళకి ఆలస్యమైపోయినట్టే.

ఇంకో తప్పు కూడా చెప్పేయాలి. జేసీబీ పెట్టి గీకించేయొద్దు. అది నేలని గుంటలు చేస్తుంది. గుంటలో నీళ్లు నిలుస్తాయి. లోపల నిద్రపోయే గింజల్ని పైకి తెస్తుంది. హద్దు రాళ్లు ఎగిరిపోతాయి. అరగంటలో అయిపోతుందని ఆశపడతారు గానీ తర్వాత కష్టం రెండింతలు.

దోమల సంగతి: తుప్పల్లో దోమ పుట్టదు. తుప్పల మాటున ఉన్న కొబ్బరి బొండాల్లో, టీ కప్పుల్లో, పాత టైర్లలో నిలిచిన నీళ్లలో పుడుతుంది. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు చాలు. పొగ కొడితే ఎగిరే దోమ చస్తుంది, నీళ్లలో పురుగు అలాగే ఉంటుంది. మూడో రోజుకి మళ్లీ అంతే అని మీరు రాసింది అందుకే. తుప్పలు తీస్తే బొండాలు కనబడతాయి, కనబడితే ఏరుతారు. మన వైపు స్క్రబ్ టైఫస్ జ్వరం గురించి కూడా వింటున్నాం. అది దోమ వల్ల కాదు, గడ్డిలో, తుప్పల్లో ఉండే చిన్న నల్లి పిల్ల కుట్టడం వల్ల. చంకలోనో, గజ్జల్లోనో సిగరెట్టు కాలినట్టు నల్లటి పొక్కు కట్టి, జ్వరం, తలనొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్లి డాక్టరుకి ఆ పొక్కు చూపించండి. సమయానికి పట్టుకుంటే మామూలు మందుతోనే తగ్గుతుంది. పాము మళ్లీ కనిపిస్తే చంపకండి. 1972 వన్యప్రాణి చట్టం వాటికి వర్తిస్తుంది. అటవీ శాఖ వాళ్లకి గానీ పాములు పట్టేవాళ్లకి గానీ కబురు పెట్టండి. కట్లపాము రాత్రుళ్లు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ ప్రమాదం. అత్తగారిని ఈ నెలలన్నీ మంచం మీద, దోమతెర అంచులు పరుపు కింద దోపి పడుకోబెట్టండి.

ప్రశ్న: సార్, నేను విజయనగరంలో ప్రైవేటు ఉద్యోగం చేస్తాను. రింగురోడ్డు అవతల రెండు ప్లాట్లు కొన్నాను. ఇప్పుడే ఇల్లు కట్టే స్తోమత లేదు. పక్కవాళ్లు రోజూ ఫోన్ చేసి గడ్డి తీయించమంటున్నారు. షాపులో 'గడ్డి మందు' ఒక సీసా కొట్టితే అన్నీ మాడిపోతాయంటున్నారు. నేనే కొట్టుకోవచ్చా? పక్కవాళ్లకి చిన్న నుయ్యి, దాని చుట్టూ వంకాయ, టమాటా మడులు ఉన్నాయి. మొన్న ఒకాయన 'ఎండగానే అగ్గిపుల్ల గీసేయ్' అని కూడా సలహా ఇచ్చాడు.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: బాబూ, పక్కవాళ్లు ఫోన్ చేస్తుంటే విసుక్కోకుండా ఏం చేయాలని అడిగారు, సంతోషం. మీ ఉత్తరం పైన రాసిన బెంగళూరు ఆయనకి చూపించాలనిపించింది.

అగ్గిపుల్ల మాట వదిలేయండి. చెత్త బహిరంగంగా తగలబెడితే అయిదు వేల రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. పెద్ద మొత్తంలో కాలిస్తే పాతిక వేలు. ఆ పొగ పక్కింటి పసిపిల్లల గొంతులోకి పోతుంది. కరెంటు తీగలు కిందికి వేలాడే కొత్త కాలనీల్లో మంట ఎటు పోతుందో మన చేతుల్లో ఉండదు.

గడ్డి మందు. మీకు షాపులో ఇచ్చేది గ్లైఫోసేట్ అయితే, దాన్ని పెస్టు కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. మామూలు మనిషి పంపు భుజాన వేసుకుని కొట్టడానికి వీల్లేదు. ప్యారాక్వాట్ అయితే దాని జోలికే పోవద్దు. అది కడుపులోకి పోతే విరుగుడు మందు లేదు. ఒక గుక్క పొరపాటున మింగిన మనిషి ప్రాణం దక్కించుకోవడం చాలా కష్టం. పిల్లలున్న ఇంట్లో ఆ సీసా పెట్టుకోవద్దని బతిమాలుతున్నాను. 2,4-డి అనేది వెడల్పాకుల మొక్కల మీద పనిచేసేది. వయ్యారిభామ చస్తుంది, నిజమే. కానీ గాలికి ఆ తుంపర వంకాయ, టమాటా మీద పడితే ఆకులు మెలిపడి ముడుచుకుపోతాయి. పక్కనే నుయ్యి ఉందన్నారు. మీ స్థలానికి మందు మాటే వద్దు.

ఉప్పు నీళ్ల సంగతి మీరు వినే ఉంటారు. లీటరు నీళ్లకి 200 గ్రాముల ఉప్పు కలిపి పూతకి ముందున్న వయ్యారిభామ మీద ఆకులన్నీ తడిసేలా కొడితే మాడిపోతుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పిన మాటే అది. పంట వేయని బాట గట్ల మీద నేను చేయించాను కూడా. కానీ నూతి పక్కన వద్దు. రేపు మీరు పునాది తీయాల్సిన చోటా వద్దు. ఉప్పు నేలలో దిగితే మొక్కకీ మంచిది కాదు, ఇనుముకీ మంచిది కాదు.

చేత్తో పీకడమే అన్నిటికన్నా మేలు. కానీ ఉత్త చేతుల్తో వద్దు. ఈ మాట నేను తేలిగ్గా చెప్పడం లేదు. 1998లో ఒక పట్టణంలో నా కింద చీపురు పట్టిన ఒకావిడ ఉండేది. నలభై ఏళ్లుంటాయి. సంక్రాంతి ముందు ఒక కాలనీ మొత్తం శుభ్రం చేయాలని పైనుంచి కబురొస్తే, పూతమీదున్న వయ్యారిభామని నాలుగు రోజులు వరసగా ఆమె చేత పీకించాను. గ్లౌజులు ఇవ్వలేదు. అడగాలని ఆమెకి తెలియదు, ఇవ్వాలని నాకు తోచలేదు. వారం తిరక్కుండా కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి దద్దురెక్కాయి. 'బాబూ, ఒళ్లంతా సీమలు కుట్టినట్టుంది' అనేది. ఆ తర్వాత చర్మం గరుకెక్కి ఏనుగు తోలులా అయిపోయింది. ఎండలో నిలబడలేకపోయేది. వీధి ఊడ్చే మనిషి ఎండలో నిలబడలేకపోతే ఇంకేముంది? ఆ మొక్కలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది, ఒకసారి ఒంటికి పడకపోతే ఆ తర్వాత పక్కనుంచి వెళ్లినా దద్దుర్లొస్తాయని విశాఖలో చర్మం డాక్టరు చెప్పారు. ఆవిడ పని మానుకుంది. ఆ తప్పు నాది. అప్పటినుంచి గ్లౌజులు లేకుండా ఎవరినీ ఆ మొక్క ముట్టుకోనివ్వలేదు. మీరు కూలీలని పెడితే చేతికి రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకి గుడ్డ మీరే కొనివ్వండి. వాళ్లు 'అలవాటేనండి' అంటారు. అయినా ఇవ్వండి.

పీకిన మొక్క పూత లేకుండా ఉంటే ఒక మూల గొయ్యి తీసి పేడ, మట్టి పొరలు పొరలుగా వేసి కప్పేయండి, ఎరువవుతుంది. పూసినవి వేయొద్దు, గింజ చావకుండా మళ్లీ వస్తుంది. తుంగ మాత్రం పీకితే పోదు. కింద గడ్డలు ఉంటాయి, ఒక్కటి మిగిలినా లేస్తుంది. దానికి గునపంతో తవ్వి గడ్డలు ఏరడమే.

తీసేసిన నేలని ఉత్తగా వదిలితే మళ్లీ అవే వస్తాయి. నేల ఖాళీగా ఉండదు బాబూ. ఏదో ఒకటి మొలిపిస్తుంది, అదేదో మనమే వేయాలి. తొలి వానకి జనుము ఒత్తుగా చల్లండి. మన జిల్లా రైతుకి తెలియని విత్తనమేం కాదు. నలభై అయిదు, యాభై రోజులకి పూత వేళ కోసి అక్కడే పరిచేయండి. కింద ఇంకేదీ తల ఎత్తదు. తగిరిస గింజలు చల్లినా వయ్యారిభామని అణిచేస్తుంది. ఇవన్నీ కుదరకపోతే ఇంకా సులువు దారి: ఆ నూతివాళ్లనే అడగండి. మీ రెండు ప్లాట్లలో ఆకుకూరలు, గోగు, బెండ వేసుకోమని చెప్పండి. ఎంత కాలానికో ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. రేపు హక్కు తగాదా రాదు. నీళ్లు వాళ్లవి, నేల మీది. మీకు ఫోన్లు ఆగిపోతాయి.

ఇంకో సంగతి. వర్షాకాలంలో వయ్యారిభామ ఆకుల మీద పసుపు రంగులో నల్ల గీతలున్న చిన్న పెంకు పురుగులు కనిపిస్తే వాటిని చంపకండి. అవి ఆ మొక్కని మాత్రమే తినే మెక్సికో పురుగులు. 1984లో బెంగళూరులో వదిలారు, ఇప్పుడు చాలా చోట్లకి పాకాయి. మనకి కూలి అడగని కూలీలు అవి.

ప్రశ్న: అయ్యా, నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. అమెరికాలో మా అబ్బాయి ఇంటి ముందు గడ్డి కోయడం ఆలస్యమైతే వాళ్ల ఊరి మున్సిపాలిటీ నోటీసు అతికించిందట. పది రోజుల్లో కోయకపోతే వాళ్లే కోసి బిల్లు వేస్తారట. మన దగ్గర అంత ఖచ్చితంగా ఎందుకు లేదు?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మాస్టారూ, అక్కడ కొలబద్ద ఉంది. డల్లాస్‌లో 12 అంగుళాలు దాటితే తప్పు, షికాగోలో 10. ఇన్‌స్పెక్టరు టేపు పెట్టి చూస్తాడు, దాటిందా లేదా అంతే. వాళ్లే కోస్తారు, ఆ బిల్లు కట్టకపోతే ఇంటి మీద బాకీగా నిలుస్తుంది. బిల్లు వసూలు పద్ధతి మనదీ ఇంచుమించు అదే. కానీ మన చట్టాల్లో అంగుళాలు లేవు, 'ఆరోగ్యానికి హాని' అన్న మాట ఉంది. హాని ఉందో లేదో అధికారి చూసి తేల్చాలి. అందుకే పైన శ్రీకాకుళం అమ్మకి అర్జీలో కొలతలూ తేదీలూ రాయమన్నాను. కొలబద్ద చట్టం ఇవ్వనప్పుడు మనమే పట్టుకెళ్లాలి.

మనకి ఈ ఆలోచనే లేదనుకోకండి. ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1919లోనే పంటల తెగుళ్ల చట్టంలో పురుగులతో పాటు హానికర కలుపు మొక్కల్ని కూడా చేర్చారు. కర్ణాటక 1975లో వయ్యారిభామని హానికర మొక్కగా ప్రకటించింది. 1955లో పుణేలో కనబడిన మొక్క ఇరవై ఏళ్లలో అంత దూరం పోయిందన్నమాట. జబల్‌పూరులోని కలుపు పరిశోధన సంస్థ ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు వయ్యారిభామ అవగాహన వారం జరిపిస్తుంది. నా కోరిక ఒక్కటే. ఖాళీ స్థలం పన్ను డిమాండు కాగితంతో పాటే 'జులై నెలాఖరులోగా మీ స్థలంలో పూత రాకముందే మొక్కలు పీకించండి' అన్న నోటీసు కూడా ప్రతి యజమానికీ వెళ్లాలి. కౌన్సిల్ తీర్మానం చేస్తే దీనికి వేరే ఖర్చు లేదు, కాగితం వెనకవైపు అచ్చు వేస్తే చాలు. ఉద్యోగంలో ఉండగా రెండుసార్లు పైకి రాశాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. మాస్టారూ, మీ వార్డు సభ్యుడికి మీరు చెబితే వింటాడు. మీ దగ్గర చదువుకున్నవాడే అయ్యుంటాడు.

ప్రశ్న: పక్కింటి మునగచెట్టు కొమ్మలు మా ఇంట్లోకి వచ్చాయి. గొంగళిపురుగులు బట్టల మీద పడుతున్నాయి. చెట్టు కొట్టించమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అమ్మా, తుప్పలకీ చెట్టుకీ లెక్క వేరు. చెట్టు మొదలంటా కొట్టాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చూడాలి, అనుమతి అడగాలి. మీకు అంత అవసరం లేదు. మీ గోడ దాటి మీ వైపు వచ్చిన కొమ్మని, మీ స్థలంలో నిలబడి, మీ హద్దు వరకూ కోసుకోవచ్చు. గోడెక్కి అవతలికి వంగి కోయకూడదు. కోసే ముందు పక్కింటావిడకి ఒక మాట చెప్పండి, కొమ్మలూ కాయలూ ఆవిడకే ఇచ్చేయండి. గొంగళిపురుగులు పగలు కాండం మీద గుంపుగా చేరతాయి. ఆవిడ ఒప్పుకుంటే కర్రకి గుడ్డ చుట్టి సబ్బునీళ్లలో ముంచి తుడిచేస్తే పోతాయి. చేతికి తగలనివ్వకండి.

ప్రశ్న: మాది పంచాయతీ. ఊరి పక్క లేఅవుట్‌లో అద్దెకుంటున్నాం. ఇంటి పెరట్లో తుప్పలు ఓనరు తీయించాలా, మేమా? లేఅవుట్ పార్కు స్థలం కూడా డొంకలా అయిపోయింది.
– ఒక పాఠకుడు, నెల్లిమర్ల దగ్గర

జవాబు: బాబూ, పెరడు మీరు వాడుకుంటున్నారు కాబట్టి మామూలు గడ్డి మీరు తీయించుకోవడమే న్యాయం. ఎన్నో ఏళ్లుగా పేరుకున్న తుప్పలైతే ఇంట్లో దిగే ముందే ఓనరు తీయించి ఇవ్వాల్సింది. ఈ నెల అద్దెలోంచి ఆ ఖర్చు తగ్గించుకుంటానని ఆయన్ని అడగండి, ఒప్పుకున్నాకే తగ్గించండి. అనుమతి ఉన్న లేఅవుట్ అయితే పార్కు స్థలం పంచాయతీకి రాసి ఇచ్చేసి ఉంటారు, అది పంచాయతీదే. పారిశుద్ధ్యం 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ బాధ్యత. కార్యదర్శి గారికి అర్జీ రాయండి, సర్పంచి గారికి నకలు ఇవ్వండి. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర పేరుతో శుభ్రం చేసే కార్యక్రమం ఉంటుంది. జులైలో వచ్చే ఆ శనివారానికి మీ పార్కు పేరు పెట్టించండి. గ్లౌజులు మాత్రం ముందే కొని ఉంచండి.